గూటి పైన టీవీ: ఎడమవైపు పై బెజ్జం మూడోసారీ ఊడింది

మళ్లీ అదే బెజ్జం. బ్రాకెట్టుకు నాలుగు బోల్టులు. మూడు రాయిలో కరిచి కూర్చున్నాయి, ఎడమవైపు పైది మాత్రం మూడు పద్ధతులు మార్చినా నిలవలేదు. కడప పాతింటి హాలు గోడ ఇది: 18 అంగుళాల రాతి కట్టుడు, రాళ్ల మధ్య మట్టి, పైన సున్నపు గార. గోడ నడిమిన దీపం గూడు. ఆ గూటి పైన 55 అంగుళాల టీవీ పెట్టొచ్చా లేదా అన్నది తేలాలంటే ముందు ఈ బెజ్జం సంగతి తేలాలి.

వేడి సంగతి తేలిపోయింది. రెండు వత్తుల దీపం గంటసేపు వెలిగితే గూటి పైబండకు 20 సెం.మీ. పైన గోడ దగ్గర 47 డిగ్రీలు చూపింది, అప్పుడు గదిలో 34. గూటి పైన 15 సెం.మీ. ముందుకు వచ్చేలా 25 మి.మీ. కడప బండ ముక్కను రెండు ఎల్ యాంగిళ్ల మీద కూర్చోబెడితే అదే చోట 37కు దిగింది. టీవీలకు కంపెనీలు మామూలుగా రాసే హద్దు 40 డిగ్రీలు కాబట్టి ఇప్పటికి చాలు. మే నెలలో గదే 38కి పోతుంది, అప్పుడు మళ్లీ కొలవాలి.

ఎత్తు దగ్గరే అసలు చిక్కు మొదలైంది. గూడు అడుగు నేల నుంచి 95 సెం.మీ., గూడు ఎత్తు 45, పైబండ మందం 4. దాని మీద 20 ఖాళీ వదిలితే టీవీ కింది అంచు 164కు, నడిమి 200కు చేరుతుంది. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను 105 దగ్గర ఉంటుంది, గోడకూ సోఫాకూ 320 దూరం. అంటే చూపు 16.5 డిగ్రీలు పైకి ఎత్తాలి. చాప మీద కూర్చుంటే కన్ను 75కు దిగుతుంది, కోణం 21 దాటుతుంది. 15 దాటిన ఏ అమరికా రెండు గంటల సినిమాకు పనికిరాదు. వంగే బ్రాకెట్టు పెడితే తెర రంగులు సరిగా కనబడతాయి, అంతే. మెడ ఎత్తడం తప్పదు.

అందుకని ముందుకూ కిందికీ లాగే చేతుల బ్రాకెట్టు అనుకుంటే బరువు లెక్క మారిపోతుంది. టీవీ 15.2 కిలోలు. గోడకు అతుక్కుని 6 సెం.మీ. దూరంలో ఉన్నప్పుడు, పై వరుస బోల్టులకూ కింది వరుసకూ మధ్య 20 సెం.మీ. ఉంటే, పై రెండింటినీ గోడలోంచి బయటికి లాగే బలం కలిపి 5 కిలోలు కూడా లేదు. అదే టీవీని 45 సెం.మీ. ముందుకు లాగితే 34 కిలోలు. చేతుల బరువు, టీవీని లాగే మనిషి బలం దీని మీద అదనం. కింది బోల్టులు ఊరికే మోస్తాయి, పైవి పీక్కుపోకుండా పట్టుకోవాలి. పాడైంది సరిగ్గా ఆ పైవాటిలో ఒకటి.

బెజ్జం ఎలా ఉందంటే: 10 మి.మీ. బిట్టుతో తొలిచినప్పుడు మొదటి 28 మి.మీ. తెల్ల పొడి, అది గార. తర్వాత 22 మి.మీ. నీలిబూడిద పొడి, అది రాయి. 50 దగ్గర బిట్టు ఒక్కసారిగా జారింది, ఎర్రటి మట్టి రాలింది. సైకిల్ పుల్ల కొసను 5 మి.మీ. వంచి లోపల తడిమితే 50 నుంచి 74 దాకా కొసకు పట్టు దొరకలేదు, 74 దగ్గర రెండో రాయి తగిలింది. అంటే పట్టు దొరికేది 22 మి.మీ. పలక ఒక్కదానిలోనే.

మొదటిసారి బ్రాకెట్టుతో వచ్చిన 8×60 స్క్రూ, 10 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గు. చేతికి గట్టిగానే అనిపించింది, చివరి రెండు తిప్పుళ్లలో ప్లగ్గే తిరిగిపోయింది. ప్లగ్గు విచ్చుకునే కొస మట్టిలో పడింది, అక్కడ దాన్ని ఒత్తిపట్టేది ఏమీ లేదు.

రెండోసారి ఎం8 స్లీవ్ యాంకర్, అంటే బిగించేకొద్దీ చుట్టూ ఉన్న గొట్టం విచ్చుకుని బెజ్జాన్ని పట్టే బోల్టు. 13 నంబరు పానాతో ఆరు చుట్లు బిగించేసరికి బోల్టు 3 మి.మీ. బయటికి వచ్చింది, దాని చుట్టూ 6 సెం.మీ. వెడల్పున గార గిన్నెలా పగిలి లేచింది. ఇక్కడ తప్పు డ్రిల్లు హ్యామర్‌దే (తిప్పుతూనే గుద్దడం) అని నా అనుమానం. రాయి కోసం వేసిన హ్యామర్ మోడ్‌ను మట్టి తగిలినా ఆపలేదు, బిట్టు ఊగి బెజ్జాన్ని కోడిగుడ్డు ఆకారంలో పెద్దది చేసింది. వెర్నియర్ పెట్టి చూస్తే అడ్డంగా 12, నిలువుగా 14.

మూడోసారి సిమెంటు, రాతిపొడి కలిపి నింపి, ఏడు రోజులు తడిపి, మళ్లీ తొలిచి బిగిస్తే ముద్ద మొత్తం సీసా బిరడాలా ఊడి వచ్చింది. ముద్ద చుట్టూ ఎర్రమట్టి పొర. ఎండిన మట్టి సిమెంటులోని నీళ్లను తాగేసింది, పైగా పొడి మట్టికి సిమెంటు అతకదు. ముందే తడిపినా లాభం ఉండేది కాదు, మట్టే మెత్తబడి జారేది. అరాల్డైట్ నింపమని చాలామంది చెబుతారు. మట్టి పొడికి ఏ జిగురు పూసినా పొడితో పాటే ఊడుతుంది, అందుకే ఆ దారి పట్టలేదు.

మిగతా మూడు బెజ్జాలు: ఫిషర్ నైలాన్ ప్లగ్గులు, 25 కిలోల బియ్యం మూటలు రెండు ఒక రాత్రంతా వేలాడాయి, కదల్లేదు. బ్రాకెట్టు డబ్బాలో వచ్చే తెల్ల ప్లాస్టిక్ ప్లగ్గులను పారేయడమే మేలు. బిట్లకు బాష్, డ్రిల్లుకు మామూలు ఇంపాక్ట్ కాదు, రోటరీ హ్యామరే కావాలి. కడప రాయిలో ఇంపాక్ట్ డ్రిల్లు బెజ్జం కంటే వేడి ఎక్కువ పుట్టిస్తుంది. గూటి పైబండ జోలికి మాత్రం హ్యామర్ వద్దు. బండకు బెజ్జం కావాలంటే 6 మి.మీ.తో మొదలుపెట్టి, హ్యామర్ ఆపి, అంచుకు దూరంగా నెమ్మదిగా.

నాలుగో ప్రయత్నం కెమికల్ యాంకర్, అంటే బెజ్జంలో రెసిన్ జిగురు నింపి రాడ్డును అందులో అతికించడం. ఇక్కడ పట్టు మట్టితో కాదు, రెండు రాళ్లతో. 16 మి.మీ. బెజ్జం, రాయిలో మాత్రమే హ్యామర్, మట్టి తగలగానే ఆపి ఒట్టి తిప్పుడు. రెసిన్ డొల్లలోకి కారిపోకుండా ఆపే జాలీ గొట్టం 16×130, అందులో ఎం10 థ్రెడ్ రాడ్డు. 74 దగ్గరున్న రెండో రాయిలోకి 50 మి.మీ. అయినా దిగాలి. సైకిల్ పంపుతో ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదాలి. నీళ్లు తగలకూడదు. రెసిన్ మొదట వచ్చే భాగం పారబోసి, రంగు ఒకేలా వచ్చాకే నింపాలి. ఈ ఎండలకు అది నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి పొద్దున ఆరుకే పని, ట్యూబు చల్లని చోట ఉంచి.

ఇది నిలిచినా చేతుల బ్రాకెట్టు మీద మనసు పోవడం లేదు. కిందికి లాగితే టీవీ వీపు సరిగ్గా దీపం ముందుకు వస్తుంది. దీపం పెట్టే వేళా టీవీ వేసే వేళా ఒకటే, దీపం ఆర్పి చూడమని ఏ ఇంట్లోనూ చెప్పలేం. గూటికి కుడిపక్క తలుపు దాకా 130 సెం.మీ. గోడ ఉంది, టీవీ వెడల్పు 123. అక్కడైతే నడిమిని 110కి దించొచ్చు, 6 సెం.మీ. బ్రాకెట్టే చాలు, వేడి గొడవ లేదు. నా మొగ్గు అటే. కానీ అదే గోడ, అదే మట్టి, అందుకే రెసిన్ పరీక్ష ముందు ఈ పాడైన బెజ్జంలోనే.

ఈలోగా కుడిపక్క గోడ మీద పెన్సిలుతో 10 సెం.మీ. గళ్లు గీసి, చిన్న సుత్తితో తట్టి గణగణమన్నచోటా డొల్లగా పలికినచోటా గుర్తులు పెట్టాలి. అనుమానం ఉన్న గడిలో 4 మి.మీ. బిట్టుతో ఒక్కో బెజ్జం, పొడి రంగు, లోతు రాసుకుని, రాళ్ల పటం తయారయ్యాకే బ్రాకెట్టు గోడ మీద పెట్టడం.