ఆ ఆమేన్‌లో వాళ్లకీ వాటా ఉంది

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

గ్రీసులోని కొరింథు సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం అనగానే మనవాళ్లు భాషల వరం మీద, అంటే ఆత్మావేశంలో ఎవరికీ తెలియని భాషలో మాట్లాడటం మీద, వాదనకు దిగుతారు. ఆ వాదన ఇప్పుడు నాకొద్దు. నేను ఎప్పుడు చదివినా ఆగిపోయేది 16వ వచనం దగ్గరే. నువ్వు ఆత్మతో స్తోత్రం చేస్తుంటే, ఉపదేశం పొందనివాడికి నువ్వేమంటున్నావో తెలియదు కదా, మరి వాడు ఆమేన్ ఎలా అంటాడు అని పౌలు అడుగుతాడు. ఇన్నేళ్లుగా చదువుతున్నాం, మనకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ తర్వాతి వచనం చూడండి. నువ్వు చేసిన స్తుతి బాగానే ఉంది అంటాడు. అంటే ప్రార్థనలో తప్పు లేదు. మాటలు భక్తిగానే ఉన్నాయి, కన్నీళ్లు కూడా నిజమైనవే కావచ్చు. పోయిందల్లా వెనక వరసలో కూర్చున్న మనిషి నోటి నుంచి రావలసిన ఒక్క ఆమేన్. పౌలుకి అది చాలా పెద్ద నష్టం. మనం ఆమేన్‌ని ప్రార్థన అయిపోయిందనడానికి గుర్తుగా వాడేస్తున్నాం. అది సంతకం అండీ. అయ్యగారు ముందు నిలబడి చదివిన మనవి మీద సంఘమంతా పెట్టే సంతకం. ఏం రాసుందో తెలియని కాగితం మీద ఎవరైనా ఎలా పెడతారు? మొదటిసారి గుమ్మం తొక్కినవాళ్లకి కూడా అందులో వాటా ఉందని పౌలు అనుకున్నాడు కాబట్టే ఆ ప్రశ్న వేశాడు. వాళ్ల వాటా వాళ్లకి అందకపోతే అది సంఘ ప్రార్థన కాదు, మైకు పట్టుకున్నవాళ్ల సొంత ప్రార్థన.

కొరింథు కూడా మన విశాఖలా రేవు పట్టణమే. తూర్పున కెంక్రేయ, పడమట ఇంకో రేవు. పౌలు ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు, డేరాల పని చేశాడు. ఓడ దిగినవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు, ఊరు కొత్తవాళ్లు ఏ ఆదివారమైనా లోపలికి వస్తారని ఆయనకి తెలుసు. 23వ వచనంలో, అలాంటివాళ్లు వచ్చి చూస్తే మీకు వెర్రి పట్టిందనుకోరా అని గట్టిగానే అడిగాడు. వాళ్లు వస్తారన్న లెక్కతో రాసిన మాట అది. కంపెనీల్లో పనికని, కాలేజీలకని, ఆసుపత్రికని రోజూ మనుషులు దిగే ఊళ్లో ఉండి, మనకి ఆ లెక్కే లేదు.

మొన్న మా కంచరపాలెం సంఘానికి ఒకామె వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా వీధిలో అద్దెకు దిగారు. రమ్మన్నది నేనే. నుదుట బొట్టు, తల్లో కనకాంబరాలు. అందరూ ముసుగు వేసుకోవడం చూసి తనూ గబగబా చెంగు తల మీదికి లాక్కుంది. పూలు నలిగిపోతాయని కాబోలు, ప్రార్థన అయ్యేదాకా ఒక చేత్తో ఆ చెంగుని కాస్త పైకెత్తి పట్టుకునే ఉంది. కూడిక అయ్యాక స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "రక్షణలో ఉన్నారా అమ్మా?" అని అడిగింది. "లేదండీ, మావారిది పోర్టులో కాంట్రాక్టు పని" అంది ఈమె. పెద్దావిడ అడిగింది ప్రభువుని నమ్ముకున్నారా అని. కానీ నేవీ ఉన్న ఊళ్లో రక్షణ అంటే ఎవరికైనా ముందు తట్టేది రక్షణ శాఖ ఉద్యోగమే. చుట్టూ ఉన్నవాళ్లు పక్కున నవ్వేశారు. తనూ నవ్వింది గానీ మొహం చిన్నబోయింది.

పెద్దావిడని నేనేమీ అనను, ప్రేమగానే అడిగింది. నాకు కష్టమనిపించింది అంతకు ముందు జరిగింది. "అన్యులలో నుండి మమ్మల్ని ప్రత్యేకించిన దేవా" అని ఒక సోదరుడు ఎత్తుకుని, అన్యులు, లోకస్థులు అంటూ చాలాసేపు ప్రార్థించాడు. అభిషేకం, ఉజ్జీవం, నడిపింపు ఆమెకి అర్థమై ఉండవు. అన్యులంటే ఎవరో మాత్రం అర్థమయ్యే ఉంటుంది.

మన మాటలు మానేయమని కాదు నేననేది. మా నానమ్మ ప్రార్థనలో విన్న "కృపాసనము" అనే మాట ఇప్పుడు విన్నా నాకు కళ్లు చెమరుస్తాయి. సువార్త రాసిన మార్కుని చూడండి. తలీతాకుమీ అని ప్రభువు పలికిన అరామిక్ మాట రాసి, వెంటనే అర్థం రాశాడు. కొర్బాను అన్నాడు, అర్థం చెప్పాడు. ఎప్ఫతా అన్నాడు, అర్థం చెప్పాడు. చివరికి సిలువ మీద ప్రభువు వేసిన ఆ కేక దగ్గర, ఏలోయీ ఏలోయీ లామా సబక్తానీ దగ్గర కూడా, ఆగి అర్థం చెప్పే ముందుకు వెళ్లాడు! అంతటి ఘడియలో కూడా, ఆ భాష రాని చదువరి బయట ఉండిపోకూడదనుకున్నాడు. మన ఆరాధనలో అంతకంటే తొందరైన పని ఏముంది?

ఈ ఊరికి 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగు చేయడానికి కూర్చున్నారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, ఆ అచ్చు పుస్తకాన్ని ఇద్దరూ చూడలేదు. ఇక్కడివాళ్లకి అర్థం కావాలని సముద్రం దాటి వచ్చి వాళ్లంత పాటుపడితే, తెలుగువాళ్లమై ఉండి మనం తెలుగులోనే గోడ కట్టుకున్నాం. బయటివాళ్ల మాట అటుంచండి, జ్ఞానాపురం నుంచి ఒక కతోలిక సోదరి వస్తే ఆవిడకీ తికమకే. వాళ్ల జ్ఞానస్నానం మనకి బాప్తిస్మం, ప్రభువు జ్ఞాపకంగా తీసుకునే రొట్టె, ద్రాక్షరసం వాళ్లకి సత్ప్రసాదం, మనకి బల్ల.

వచ్చేది మొదటి ఆదివారం, బల్ల ఉంటుంది. ప్రకటనలు చదివే తమ్ముళ్లూ, "బల్లలో పాలుపొందేవారు సిద్ధపడండి" అని ఊరుకోకండి. ఇదేమిటో, ఎవరు తీసుకుంటారో, తీసుకోనివాళ్లు పళ్లెం వస్తే ఏం చేయాలో రెండు ముక్కల్లో చెప్పండి. కొత్తవాళ్లని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించడం ఇకనైనా ఆపండి, పాపం టెన్షన్‌తో చచ్చిపోతున్నారు. బైబిల్లో హబక్కూకు గ్రంథం తీయమన్నప్పుడు పక్కవాళ్లకి పేజీ తీసివ్వండి. అక్కల్లారా, బొట్టుతో ఎవరైనా వస్తే ముందు పేరడగండి, ఇల్లెక్కడో అడగండి, పిల్లల్ని ఏ బడిలో వేశారో అడగండి. రక్షణ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు ఆవిడకి కూర్చోడానికి కాస్త చోటివ్వండి.