ముప్పావు సెంటీమీటరు

అక్కా బావల పెళ్లి రోజుకి ఆల్బమ్ చేస్తున్నా. నిన్న రాత్రి ఒక ఫోటో అతికించి చూస్తే చుట్టూ ఉన్న అంచు ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా వచ్చింది. కత్తెరతో ఎంత జాగ్రత్తగా కోసినా అంతే. ఇవాళ విశాఖలో జగదాంబ వైపు షాపులన్నీ తిరిగి, కాగితాలు తిన్నగా కోసే ట్రిమ్మర్ కొన్నాకే ఇంటికొచ్చా.

ముందు చూపించింది గిలెటిన్ రకం, పిడి పట్టుకుని కిందకి దించేది. ఒకేసారి పది కాగితాలు తెగుతాయన్నారు. నాకు ఒక్కటి తిన్నగా తెగితే చాలు. వెంట తీసుకెళ్లిన కార్డ్‌స్టాక్, అంటే అట్టలాంటి మందపాటి కాగితం (చదరపు మీటరు 300 గ్రాములు తూగేది) పెట్టి నొక్కితే, పిడి దిగుతుండగానే కాగితం పక్కకి జరిగింది. స్లైడింగ్ రకంలో అలా కాదు. పట్టీ కాగితాన్ని అదిమి పట్టుకుంటుంది, దాని గాడిలో చిన్న బ్లేడు జారుతుంది. రెండుసార్లు లాగాల్సి వచ్చింది గానీ, అంచు వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు.

ఏ4 కొలతది చవకగా ఇస్తామన్నారు. వద్దన్నాను. ఏ4 పొడవు 29.7 సెంటీమీటర్లే, ఈ ఆల్బమ్‌కి వాడే స్క్రాప్‌బుక్ కాగితం 12 అంగుళాలు, అంటే 30.48. ఆ ముప్పావు సెంటీమీటరు కోసమే పెద్దది తీసుకున్నా. కొనేవాళ్లు విడి బ్లేడ్లు దొరుకుతాయో లేదో తప్పకుండా అడగండి. మన సముద్రపు గాలికి కాగితం మెత్తబడుతుంది, మొద్దుబారిన బ్లేడు దాన్ని కోయదు, చింపుతుంది.

ఆర్కే బీచ్‌లో ఇద్దరూ నిలబడ్డ ఫోటో ఇప్పుడే కోసి అతికించాను. నాలుగు పక్కలా అంచు ఒకేలా ఉంది.