క్యూబెక్ సిటీ నుంచి చిసాసిబి దాకా: ప్రత్యేక దేశం ప్రశ్న వెంట

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్యూబెక్. అది వేరే దేశం కావాలా వద్దా అన్న మాటెత్తితే చాలామంది మాంట్రియల్‌ దగ్గరే ఆగిపోతారు. నేను క్యూబెక్ సిటీలో మొదలుపెట్టి, మాంట్రియల్, గాటినో మీదుగా ఉత్తరాన జేమ్స్ బే అనే అఖాతం వైపు దాకా వెళ్లాను. వెళ్లదలచినవాళ్లకు ఈ వరసే మంచిదంటాను. వాదన కూడా ఇదే వరసలో విడివడుతుంది.

క్యూబెక్ సిటీలో అబ్రహాం మైదానం పాత కోటగోడ పక్కనే ఉంటుంది. పార్కులో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. 1759 సెప్టెంబర్ 13న ఇక్కడే ఫ్రెంచి సేన బ్రిటిష్ సేన చేతిలో ఓడింది. రెండు వైపుల సేనాపతులు, మోంకామ్, వుల్ఫ్, ఇద్దరూ ఆ గాయాలతోనే చనిపోయారు. 1763 పారిస్ సంధితో ఫ్రాన్స్ ఈ నేలను వదులుకుంది. అక్కణ్ణుంచి నడిచివెళ్లేంత దూరంలోనే శాసనసభ. కెనడాలో ఇదొక రాష్ట్రమే అయినా 1968 నుంచి సభ పేరు నేషనల్ అసెంబ్లీ. పేరొక్కటే కాదు, సొంత ఆదాయపు పన్ను శాఖ, సొంత పింఛను పథకం, 1991 ఒప్పందం ప్రకారం నైపుణ్య వలసదారులను తానే ఎంచుకునే అధికారం కూడా ఉన్నాయి. మాంట్రియల్‌లో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్లు ఏటా రెండు పన్ను రిటర్నులు వేసేది ఇందుకే, ఒకటి దేశ రాజధాని అట్టావాకు, ఇంకొకటి క్యూబెక్‌కు.

మనవాళ్లకు వెంటనే తెలంగాణ గుర్తుకొస్తుంది. ఆ పోలిక ఇక్కడ నిలవదు. తెలంగాణను రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు ఏర్పరిచింది, ప్రజల ఓటింగు పెట్టలేదు, ఏర్పడిందీ దేశంలోని మరో రాష్ట్రమే. ఇక్కడ అడుగుతున్నది దేశం విడిచిపోవడం.

మాంట్రియల్‌కు రైలైనా బస్సైనా మూడు గంటల పైచిలుకు. సెయింట్ లారెంట్ వీధికి తూర్పున ఫ్రెంచి, పడమట ఇంగ్లీషు అన్నది పాత లెక్క. ఇప్పుడంత కచ్చితంగా లేదు. చూడాల్సింది దుకాణాల బోర్డులు. 1977లో క్యూబెక్‌లో వేర్పాటువాది రెనే లెవెక్ ప్రభుత్వం తెచ్చిన 101వ చట్టం బోర్డుల మీద ఫ్రెంచిని నిలబెట్టింది, వలస వచ్చినవాళ్ల పిల్లలను ఫ్రెంచి బడుల బాట పట్టించింది. భాషను కాపాడుకోవడానికే వేరే దేశం కావాలంటే, ఆ పని చాలావరకు కెనడాలో ఉండగానే జరిగింది. అయినా వేర్పాటు కోరేవాళ్ల భయం ఉత్తది కాదు. 1982 రాజ్యాంగ చట్టం క్యూబెక్ ప్రభుత్వ సమ్మతి లేకుండానే అమల్లోకి వచ్చింది. బోర్డుల మీద ఫ్రెంచి ఒక్కటే ఉండాలన్న నియమాన్ని 1988లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ గాయం తెలియకుండా వేర్పాటువాదులను తప్పుపట్టడం అన్యాయం.

నగరం నడిబొడ్డున ప్లాస్ దు కెనడా అనే చిన్న పార్కుంది. 1995 అక్టోబర్ 27న, క్యూబెక్ విడిపోవాలా అన్న రిఫరెండం (ప్రజల ఓటింగు) పోలింగుకు మూడు రోజుల ముందు, విడిపోవద్దని దేశం నలుమూలల నుంచి జనం వచ్చి గుమిగూడింది ఇక్కడే. 30న 93 శాతానికి పైగా ఓటేశారు. వద్దన్నవాళ్లు 50.58 శాతం, కావాలన్నవాళ్లు 49.42 శాతం, తేడా 54,288 ఓట్లు. చెల్లకుండా పోయిన ఓట్లు అంతకంటే ఎక్కువ, 86 వేల పైమాటే. 1980 నాటి మొదటి రిఫరెండంలో కావాలన్నది 40.44 శాతమే. చిక్కంతా అడిగిన తీరులో ఉంది. 1995 ప్రశ్న సార్వభౌమత్వాన్ని, కెనడాతో కొత్త భాగస్వామ్యాన్ని ఒకే వాక్యంలో కలిపింది. కరెన్సీగా కెనడా డాలరునే ఉంచుకుంటామన్నారు. అలా ఉంచుకుంటే వడ్డీ రేట్లు నిర్ణయించేది అట్టావాలోని కేంద్ర బ్యాంకే, అందులో క్యూబెక్‌కు ఓటుండదు. 1998లో సుప్రీంకోర్టు ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదంది. స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మాత్రం చర్చలకు కూర్చోక తప్పదంది. ఎంత శాతమైతే స్పష్టమో ఆ తీర్పూ చెప్పలేదు, దాని వెంట కెనడా పార్లమెంటు చేసిన 2000 నాటి స్పష్టతా చట్టమూ చెప్పలేదు. ఇంకో రిఫరెండం పెడితే గొడవ మొదలయ్యేది అక్కడే.

గాటినోలో ఒక్క పూట చాలు. వంతెన దాటితే అట్టావా. ఫెడరల్ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతం వద్దనే ఓటేసింది, కారణం విడిగా చెప్పనక్కర్లేదు.

అసలు ప్రయాణం ఉత్తరానికి పోయే రోడ్డు మొదలయ్యే మటగామి అనే ఊరి నుంచి. అక్కణ్ణుంచి రాడిసన్ సుమారు 620 కిలోమీటర్లు. 6వ కిలోమీటరు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. దారి మొత్తానికి పెట్రోలు దొరికేది 381వ కిలోమీటరు దగ్గర ఒక్కచోటే, కాబట్టి మటగామిలో ట్యాంకు నింపకుండా కదలొద్దు. ఫోను సిగ్నల్ దాదాపు ఉండదు, రోడ్డు పక్కన అత్యవసర ఫోన్లు పెట్టారు. నేల గడ్డకట్టి కరిగినప్పుడల్లా తారు ఉబ్బి కుంగుతుంది. వేగంగా పోతే టైర్లు, షాక్ అబ్జార్బర్లు దెబ్బతింటాయి, పూర్తి సైజు స్టెప్నీ ఉండాలి. జూన్, జూలైల్లో నల్ల ఈగలకు తలమీది నుంచి వల టోపీ కావాలి. వేసవిలో అడవి మంటలొస్తే రోడ్డు మూసేస్తారు, బయలుదేరే ముందు వాకబు చేయాలి.

రాడిసన్‌లో రాబర్ట్ బురాస్సా జలవిద్యుత్ కేంద్రం భూమికి 137 మీటర్ల లోతున ఉంది. 16 టర్బైన్లు, 5,616 మెగావాట్లు. ముందుగా బుక్ చేసుకుని గుర్తింపు కార్డు తీసుకెళ్తే లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. ఇక్కడి కరెంటు 735 కిలోవోల్టుల లైన్ల మీద దక్షిణానికి పోతుంది. ఇంత కరెంటున్న దేశం తన కాళ్లమీద తాను నిలబడగలదన్న వాదన బలమైనదే.

కానీ ఈ నేలను క్యూబెక్‌లో కలిపింది 1912లో కెనడా పార్లమెంటు. అంతకు ముందూ, ఇప్పుడూ ఇక్కడ ఉన్నది క్రీ అనే ఆదివాసీ జనం. రాడిసన్ నుంచి పడమటికి గంటకు పైగా వెళ్తే క్రీల ఊరు చిసాసిబి వస్తుంది. ఆనకట్టల వల్ల నదీ ప్రవాహం మారి, ఊరు అప్పట్లో ఉన్న దీవి కోసుకుపోతుందన్న భయంతో 1980 ప్రాంతంలో ఊరు మొత్తం ఇక్కడికి తరలింది. జలాశయాల్లో మునిగిన అడవి నీళ్లలో కుళ్లి, పాదరసం విషరూపం దాల్చి చేపల్లోకి ఎక్కింది. ఈ ప్రాజెక్టుల విషయమై క్రీలతో, ఇన్యూట్లనే మరో ఆదివాసీ జనంతో కుదిరిన 1975 ఒప్పందం మీద క్యూబెక్‌తో పాటు కెనడా ప్రభుత్వమూ సంతకం చేసింది. 2002లో క్యూబెక్ క్రీలతో విడిగా మంచి ఒప్పందం చేసుకున్న మాటా నిజమే. కానీ అంతకు ముందే, 1995 అక్టోబర్ 24న, క్రీలు తమంతట తాము పెట్టుకున్న ఓటింగులో 96 శాతానికి పైగా క్యూబెక్ వెంట కెనడా వదిలి వెళ్లబోమన్నారు.

క్యూబెక్‌కు ఆ ప్రశ్న అడిగే హక్కుందని నేను నమ్ముతాను. కానీ ఇప్పుడున్న అధికారాలతో భాష బతుకుతున్నంత కాలం విడిపోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. అడిగి తీరతామంటే మాత్రం ఉత్తర ప్రాంతం ఎటు వెళ్తుందో క్రీలతో, ఇన్యూట్లతో ముందే రాతపూర్వకంగా తేల్చుకుని, ఆ తర్వాతే బ్యాలెట్ అచ్చు వేయాలి.