ఏడు యూనిట్ల గీత

చెల్లికి పాట్స్ ఉంది, అంటే లేచి నిలబడితే రక్తపోటు పెద్దగా పడకుండానే గుండె విపరీతంగా వేగం పుంజుకునే జబ్బు. ఈ ఉదయం కాఫీ కూడా తాగకముందే తనకు నిలబడే పరీక్ష చేశాను. పది నిమిషాలు పడుకోబెట్టి చూస్తే నాడి 72. లేచి, గోడకు ఆనుకోకుండా నిలబడిన ఎనిమిదో నిమిషానికి 114. రక్తపోటు దాదాపు కదలలేదు, పాదాలు మాత్రం నేరేడు పండు రంగుకు తిరిగాయి. అమ్మ ఉప్పు ఎక్కువ వేసిన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

ఈ జబ్బుకు కారణం కావచ్చంటున్న యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు) ఉన్నాయేమో, రక్తం విదేశీ ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయిద్దామా అని వారం రోజులుగా చెల్లి అడుగుతోంది. అందుకే సెలవు పెట్టి పరిశోధన పత్రాలు ముందేసుకున్నాను. 2014లో ఓక్లహోమా బృందం 14 మంది పాట్స్ రోగులను పరిశీలించి చెప్పిన వాదన నాకు ఇప్పటికీ అందంగానే అనిపిస్తుంది: రక్తనాళాలను బిగించే ఆల్ఫా-1 గ్రాహకాలకు (కణాల మీద రసాయన సంకేతాలు అందుకునే భాగాలకు) యాంటీబాడీలు అడ్డుపడితే, నిలబడినప్పుడు నాళాలు చాలినంత బిగుసుకోవు, ఆ లోటు పూడ్చడానికి శరీరం మరింత నార్‌అడ్రినలిన్ వదులుతుంది, ఆ రసాయనం దెబ్బకు గుండె వేగం పెరుగుతుంది. 2019లో టొలీడో బృందం 55 మందిలో 89 శాతానికి ఈ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించింది. అది చదివిన రోజు నేనూ సంబరపడ్డాను.

మధ్యాహ్నం 2022 నాటి కాల్గరీ పత్రం చదివాక ఆ సంబరం చల్లారింది. 116 మంది రోగులతో పాటు 81 మంది ఆరోగ్యవంతుల రక్తాన్నీ ఎలైజా పద్ధతిలో (యాంటీబాడీలను రంగు మార్పుతో కొలిచే పరీక్షలో) చూస్తే, కిట్ తయారీదారు గీసిన 7 యూనిట్ల గీతను (అది దాటితే యాంటీబాడీలు ఉన్నట్టు లెక్క) రోగుల్లో 98.3 శాతం దాటారు, ఆరోగ్యవంతులైతే నూటికి నూరు శాతం దాటారు! కాలేజీలో నేనూ ఎలైజా ప్లేట్లు చేశాను. గుంటలో పసుపు రంగు తేలితే ఏదో అంటుకుందని తెలుస్తుందే తప్ప, అంటుకున్నది సజీవ కణం మీది గ్రాహకాన్ని నొక్కుతోందా, మూస్తోందా, ఊరకే ఉందా అన్నది ఆ రంగు చెప్పదు. యాంటీబాడీల వాదం ఇంతటితో తప్పని తేలిపోలేదు గానీ, ఈ కొలబద్దతో అది తేలదు. 2024లో వెలువడిన ప్రయోగంలోనూ 30 మంది పాట్స్ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు), పోలిక కోసం మరో జట్టుకు అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ ఎక్కిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

సాయంత్రం ఇదంతా చెబితే చెల్లి పడుకునే విన్నది.

"అయితే ఆ పరీక్ష నీకు చేసినా ఉందనే వస్తుందా అక్కా?"

"రావచ్చు."

పరీక్ష కోసం దాచిన డబ్బులో కొంతతో కాళ్ళలో రక్తం నిలవకుండా నడుము దాకా వచ్చే బిగుతు మేజోళ్ళు కొనమంది.