ఫారంలో మూడో నంబర్

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్ నుంచి ఒక ఫారం తెచ్చింది. పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూప్, పడని మందులేమైనా ఉంటే అవి, చివర్లో "అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి" అని మూడు గళ్ళు. అంతకు ముందు ఏళ్ళలో అలాంటివన్నీ వాళ్ళమ్మే నింపేది. ఆ ఏడాది తనే కూర్చుని గుండ్రటి అక్షరాలతో అంతా నింపేసి సంతకం కోసం నా దగ్గరికి వచ్చింది. నేను కాల్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి, పెన్ను తీసుకుని, సంతకం చేయబోతూ చూశాను. మొదటి గడిలో వాళ్ళమ్మ నంబర్, రెండో గడిలో వాళ్ళ మావయ్య నంబర్, నాది మూడోది.

"అదేంట్రా, నాన్న మూడోవాడా?" అన్నాను, నవ్వుతూనే.

"నువ్వు మీటింగ్‌లో ఉంటావు కదా నాన్నా, ఎత్తవు. మావయ్య అయితే ఎత్తుతాడు."

అంతే. గొంతులో కోపం లేదు, అలక లేదు. అలిగి ఉంటే బాగుండేది, ఎలాగోలా బుజ్జగించేవాణ్ణి. ఇది అలక కాదు, అనుభవం మీద తేల్చుకున్న విషయం. బస్సు ఏ స్టాపులో ఆగుతుందో, ఏ స్టాపులో ఆగదో తెలిసినవాళ్ళు ఎంత మామూలుగా చెబుతారో అంత మామూలుగా చెప్పింది. నేను సంతకం పెట్టాను, మ్యూట్ తీశాను, కాల్‌లో ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ చివరి పనికే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లో నన్నెవరైనా అడిగితే నా దగ్గర జవాబు రెడీగా ఉండేది. "ఎవరి కోసం చేస్తున్నాను, మీ కోసమే కదా." ఈ మాట అనని నాన్న ఉండడేమో, ఈ మధ్య అమ్మలూ అంటున్నారు. ఇందులో నిజం లేదని అనను. అప్పు మెడ మీద ఉండి రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళకి అది అక్షరాలా నిజం, వాళ్ళ గురించి నేను మాట్లాడటం లేదు. నా సంగతి వేరు. నాకు అవసరం తీరిపోయిన ఏడాది కూడా నా గంటలు తగ్గలేదు, పెరిగాయి. ఎందుకంటే నాకు ఆ పని ఇష్టం. ఇంకో మెట్టు ఎక్కాలని ఇష్టం. ఆఫీసులో నేను లేకపోతే ఒక నిర్ణయం ఆగుతుంది, నేను గదిలోకి వస్తే నలుగురు తలెత్తి చూస్తారు, నేను రాసింది నలభై మంది చదువుతారు. ఇంట్లోనో? గీజర్ స్విచ్ ఏదో కూడా అడిగి తెలుసుకోవాల్సిన మనిషిని. ఎక్కడ మన విలువ పెద్దగా కనిపిస్తే కాళ్ళు అటే పోతాయి. దానికి "మీ కోసమే" అని పేరు పెట్టుకున్నాను, అంతకన్నా ఏమీ లేదు.

"వర్కహాలిక్" అనే మాట అందరం వాడతాం కదా, కొందరు గర్వంగా కూడా వాడతారు, ఇంటర్వ్యూల్లో మీ లోపం ఏంటి అనడిగితే ఇదే చెప్పే మహానుభావులున్నారు (నేనూ ఒకసారి చెప్పాను, ఉద్యోగం వచ్చింది). ఆ మాటను ప్రచారంలోకి తెచ్చింది వేన్ ఓట్స్ అనే అమెరికన్. చర్చిల్లో పనిచేసి, మనస్తత్వ శాస్త్రం బోధించినవాడు. ఆల్కహాలిక్ అన్న మాట నుంచే దాన్ని తయారుచేశాడు, అంటే ఆయన దృష్టిలో ఇది మెచ్చుకోలు కాదు, రోగం పేరు. ఆయనకి అసలు ఈ బుద్ధి ఎలా వచ్చిందంటే, అయిదేళ్ళ కొడుకు ఏదో విషయం మాట్లాడాలని, నాన్న ఆఫీసులో అపాయింట్‌మెంట్ అడిగాడట. అది చదివి నవ్వొచ్చింది నాకు, తర్వాత మా ఫారం గుర్తొచ్చింది. ఆ పిల్లాడు కనీసం అపాయింట్‌మెంట్ అడిగాడు. మా అమ్మాయి అడగడం కూడా మానేసి వేరే ఏర్పాటు చేసుకుంది.

ఎక్కువ పని గురించి మాట్లాడితే అందరూ ఆరోగ్యం ఎత్తుతారు. నిజమే, లెక్కలు చిన్నవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో బయటపెట్టిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ఇలా 7,45,000 మంది పోయారని అందులో ఉంది. నేను దాన్ని చదివిన వారంలోనే వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకున్నాను. రిపోర్టులు నార్మల్. హమ్మయ్య అనుకుని మళ్ళీ పనిలో పడ్డాను. గుండెకి ఈసీజీ ఉంది, ఇంట్లో ఏం జరుగుతోందో చూపించే కాగితం ఏ ల్యాబ్‌లోనూ ఇవ్వరు కదా.

ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలంటే నాకు ముందు మా అమ్మాయి కథలు గుర్తొస్తాయి. అయిదారేళ్ళప్పుడు రోజూ రాత్రి నాకు కథ చెప్పేది. నేను చెప్పడం కాదు, తను చెప్పేది. నేను ఊ కొట్టాలి. నేను పక్కన పడుకుని, దుప్పటి కింద ఫోన్ వెలుతురు బయటికి రాకుండా పెట్టుకుని మెయిల్స్ చూస్తూ ఊ కొట్టేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి కూడా, రెండు పనులూ అయిపోతున్నాయని. ఒకరోజు కుందేలు కథ చెబుతూ చెబుతూ అదే గొంతుతో "అప్పుడు ఆ కుందేలు మన బాత్రూంలో బట్టలు ఉతుక్కుంది" అంది. నేను "ఊ" అన్నాను. "అప్పుడు నాన్నని మింగేసింది." "ఊ." తర్వాత ఏమీ చెప్పలేదు. నేను మెయిల్ పంపేసి చూసేసరికి అటు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. ఆమె ఆ రోజు నన్ను పరీక్ష పెట్టిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళమ్మ చెబితే తెలిసింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు కథలు నడిచాయి, కాకపోతే చిన్నవైపోయాయి. ఎప్పుడు పూర్తిగా ఆగిపోయాయో నాకు గుర్తు లేదు. ఆగిపోయిన రోజు గుర్తు లేకపోవడం ఏంటో.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లో ఒక ప్రయోగం చేశాడు. తల్లి కాసేపు పసిబిడ్డతో మామూలుగా ఆడుతుంది, తర్వాత ఒక రెండు మూడు నిమిషాలు అక్కడే ఎదురుగా కూర్చుని ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. తల్లి ఎక్కడికీ పోలేదు. అయినా బిడ్డ వెంటనే పసిగడుతుంది. ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది, ఏవేవో ప్రయత్నాలు చేసి, ఇక లాభం లేదని ముఖం పక్కకి తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. నాకు ఇందులో ఏడుపు కంటే ముఖం తిప్పుకోవడమే భయమేసింది. మన భాషలో "పరధ్యానం" అని ఎంత తేలిగ్గా అనేస్తాం. ఎదురుగా ఉండీ లేకపోవడాన్ని పిల్లలు మాత్రం తేలిగ్గా తీసుకోరు.

అందుకే "టైం ఇవ్వలేకపోతున్నాను" అని బాధపడేవాళ్ళని చూస్తే నాకు సగం జవాబే చెబుతున్నారనిపిస్తుంది. గ్రీన్‌హౌస్, బ్యూటెల్ అనే ఇద్దరు 1985లోనే ఉద్యోగానికీ ఇంటికీ మధ్య పేచీ మూడు దారుల్లో వస్తుందని రాశారు. ఒకటి టైం, అది అందరికీ తెలుసు. రెండోది అలసట, టెన్షన్, అదీ తెలుసు. మూడోది ప్రవర్తన. అక్కడ పనికొచ్చే తీరు ఇక్కడ పనికిరాదు, పైగా చెడగొడుతుంది. నా కొంప ముంచింది ఈ మూడోదే.

ఆఫీసులో నాకు మంచి పేరు ఎందుకొచ్చిందంటే ఎవరైనా సమస్య చెబితే రెండో నిమిషంలో పరిష్కారం చెప్పేస్తాను. ఎవరైనా సాగదీస్తే "ఇంతకీ విషయం ఏంటి" అని అడుగుతాను. అక్కడ దాన్ని చురుకుదనం అంటారు. ఒకసారి మా ఆవిడ వాళ్ళ అక్కతో జరిగిన గొడవ గురించి చెబుతోంది. మెల్లగా, వెనక్కీ ముందుకీ పోతూ, కళ్ళు తుడుచుకుంటూ. నేను మధ్యలో ఆపి, "సరే, ఇప్పుడు నీ ముందు రెండు దారులున్నాయి" అని మొదలుపెట్టాను. నిజంగా వేళ్ళు మడిచి చెప్పాను, ఒకటి, రెండు అని. తను రెండో వేలు దాకా విని, "మీరు నాకు మేనేజర్ కాదండీ" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాల వెళ్ళలేదు. పరిష్కారం చెప్పాను కదా, ఇంకేం కావాలి అని నిజంగానే అర్థం కాలేదు. తర్వాత ఎప్పుడైనా "ఏమైంది, అలా ఉన్నావు" అంటే "ఏం లేదు" అనేది. ఇంట్లో గొడవలు తగ్గాయి. నాకది ప్రశాంతతలా కనిపించింది, ఇల్లు సర్దుకుందనుకున్నాను, ఆ ఏడాదే ప్రమోషన్ కూడా వచ్చింది.

ఇల్లు సర్దుకున్న మాట నిజమే. నేను లేకుండా సర్దుకుంది. నీళ్ళ మోటార్ పాడైతే ఎవరిని పిలవాలో, జ్వరం వస్తే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో, పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరు వెళ్ళాలో అన్నిటికీ నేను లేని ఒక పద్ధతి ఏర్పడింది. అది నా మీద కోపంతో చేసింది కాదు, పని జరగాలి కాబట్టి చేసుకున్నది. మొదట్లో "ఎప్పుడొస్తారు?" అని ఫోన్ వచ్చేది. తర్వాత "వస్తారా?" అని వచ్చేది. ఆ తర్వాత రాలేదు. ఫోన్ రాకపోతే నాకు హాయిగా ఉండేది, ఇంట్లో వాళ్ళు అర్థం చేసుకుంటున్నారని స్నేహితులతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఫారం చూసిన కొన్నాళ్ళకి మారాలని గట్టిగా అనుకున్నాను. అక్కడ ఇంకో కామెడీ. ఏడింటికల్లా ఇంటికి రావడం మొదలుపెట్టాను, వచ్చి ఏం చేయాలో తెలియదు. వాళ్ళిద్దరూ సోఫాలో ఏదో చూసి నవ్వుకుంటున్నారు, ఆ జోకు మూడు నెలల కిందట మొదలైంది, నాకు మొదటి నుంచీ చెప్పాలి, చెబితే నవ్వు రాదు. ఖాళీగా ఉండలేక ఇంటిని చక్కదిద్దడం మొదలెట్టాను. ఈ అల్మరా ఇలా ఎందుకుంది, హోంవర్క్‌కి టైంటేబుల్ ఎందుకు లేదు, ఆదివారం ప్లాన్ ఏంటి. ఆడిట్‌కి వచ్చినవాడి మాదిరి. రెండు వారాలయ్యాక మా ఆవిడ నెమ్మదిగా అంది, "మీకు ఆఫీసులో ఏం పని లేదా?" అని. వెటకారం కాదు, ఉద్యోగం పోయిందేమోనని భయపడింది.

ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, పని గంటల తర్వాత ఆఫీసు మెసేజ్‌లని పట్టించుకోకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మంచిదే, బాసుల చేతిలో నలిగిపోయేవాళ్ళకి అది కావాలి. నాకు మాత్రం ఏ చట్టం ఏం చేస్తుంది? రాత్రి పదకొండింటికి నన్నెవరూ పిలవలేదు. నేనే తొంగి చూసేవాణ్ణి. ఎవరూ ఏమీ పంపకపోతే కాస్త దిగులుగా కూడా ఉండేది.

ఇప్పుడు గంటలు తగ్గాయి. అన్నీ బాగైపోయాయని చెప్పను, ఎందుకంటే అవలేదు. రాత్రి పడుకునే ముందు ఫోన్ వేరే గదిలో పెడతాను. మా ఆవిడ ఏదైనా చెబుతుంటే వేళ్ళు మడవకుండా చేతులు కట్టుకుని కూర్చుంటాను, అది చూసి తనకి నవ్వొస్తుంది, అది కూడా ఒకందుకు మంచిదే. అమ్మాయికి పద్నాలుగేళ్ళు. కథలు లేవు. ఎప్పుడైనా నా గదిలోకి వచ్చి ఊరికే నిలబడుతుంది, ఏంటని అడిగితే వెళ్ళిపోతుంది కాబట్టి అడగను.

కిందటి నెల ఒక మధ్యాహ్నం స్కూల్‌లో తనకి కడుపునొప్పి వచ్చింది. వాళ్ళమ్మ ఫోన్ చార్జింగ్‌లో ఉండి ఎత్తలేదు. మావయ్యకి చేశారు, ఆయన ప్రయాణంలో ఉండి నాకు చేశాడు. మీటింగ్‌లోనే ఉన్నాను. లేచి వచ్చేశాను, ఎవరూ ఏమీ అనలేదు, నేను లేకుండానే మీటింగ్ కూడా చక్కగా జరిగిపోయిందని తర్వాత తెలిసింది. స్కూల్‌లో చిన్న గదిలో మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. తలుపు చప్పుడుకి కళ్ళు తెరిచి, నన్ను చూసి, గబుక్కున లేచి కూర్చుంది.

"మావయ్యకి ఏమైంది?" అంది.