మొరం తప్పు కాదు, నీళ్లది

మొన్న పరకాల దిక్కు మామ వాళ్ల ఊరికి పోతే తొవ్వలనే బండి ఆపి చూపించిండు, చూడు అల్లుడా, మంచి కంకర పొయ్యకుండా గుట్ట మొరం (గరుకు ఎర్రమన్ను) పోసిండ్రు, రెండు వానాకాలాలకే రోడ్డు కుంగింది అని. ఊరి రోడ్ల పనులల్లనే ఉన్నోన్ని గదా, ఆ మాట ఇనంగనే పానం కలుక్కుమన్నది. మొరం పోసేది కింది పొరకే, పైన కంకర ఎట్లనో ఉంటది. అక్కడ చూస్తే బెర్ములు, అంటె రోడ్డు పక్కల మన్ను అంచులు, రోడ్డు కంటె జానెడు ఎత్తున్నయి, పత్తి చేన్ల నీళ్లు అన్నీ రోడ్డు మీదనే నిలుస్తున్నయి, కింద నల్లరేగడి. నాలుగు రోజులు నానబెట్టి సీబీఆర్ (మన్ను ఎంత బరువు మోస్తదో చూసే టెస్టు) చేస్తే నల్లరేగడి చానా సార్లు 2, 3 శాతం కూడా దాటదు, ఇంక దాని మీద ఏది పోస్తే ఆగుతది?

అట్లని ఏ మొరమైనా నడుస్తదని కాదు. ఒక్క గుట్టలనే ఒక పక్క గరుకుంటది, ఇంకో పక్క బంకమన్ను ఉంటది, జేసీబీ డ్రైవర్ ఏది ముందు దొరికితే అది ఎత్తుతడు. నేనైతే ముందు సన్న మన్ను తడిపి అరచేతిల తాడు లెక్క రుద్ది చూస్తా. తాడు కాకుండనే ఇరిగిపోతే మంచిదే, దారం లెక్క సాగుతనే ఉంటే జిగట ఎక్కువున్నట్టు. ల్యాబ్‌ల ఆ జిగటను కొలిచే ప్లాస్టిసిటీ ఇండెక్స్ 6 దాటొద్దంటరు, దాటితే గుట్టనే ఇడిసిపెట్టనక్కర లేదు, 3 శాతం దాకా సున్నం కలిపితే చానా మట్టుకు దారికొస్తది. తక్కువ ట్రాఫిక్ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌ది ఐఆర్‌సీ ఎస్పీ 72 అని వేరే గైడ్‌లైన్స్ ఉన్నయి, అండ్ల కూడా దగ్గర దొరికేదే వాడుకొమ్మని ఉంటది. గుట్ట 4 కిలోమీటర్లల్ల ఉంటే క్రషర్ 45 కిలోమీటర్ల అవతల ఉంటది, అంత దూరం నుంచి లోడు టిప్పర్లు తిరిగితే మధ్యల ఊర్ల రోడ్లు పగిలేది ఎవలు లెక్క కడ్తున్నరు? బోట్స్వానాల అయితే పైన డాంబర్ పొరకు కూడా క్వారీ చిప్స్ (మిషిన్ల పగలగొట్టిన సన్న కంకర) బదులు దగ్గర గ్రావెల్ వాడిండ్రు, ఒట్టా సీల్ అంటరు, 1960లల్ల నార్వేల పుట్టిన పద్ధతి.

ఇదంతా చెప్తే మామ ఒక్కటే అడిగిండు, మరి ఈ బెర్ములు ఎవలు చెక్కాలె అని. అది పీఎంజీఎస్‌వై (కేంద్రం ఊరి రోడ్ల పథకం) రోడ్డు, 5 ఏండ్ల మెయింటెనెన్స్ ఏసిన కాంట్రాక్టర్ మీదనే ఉంటది, ఇంక మూడేండ్లున్నయి. బోర్డు ఫోటో తీసుకున్నం, దరఖాస్తు మామ రాస్తుండు.