మూడు కయాక్‌లు, మూడు రోజుల సముద్రం

సీ కయాక్, అంటే సముద్రంలో కూర్చొని తెడ్డుతో నడిపే పొడవాటి పడవ, కొనాలని నిశ్చయించుకున్న తరువాత కొలతల పట్టికలను నెలల తరబడి చదివాను గాని, ఏ పడవ తీసుకోవాలో తేల్చుకోలేకపోయాను. పొడవు, వెడల్పు, బరువు కాగితం మీద తెలుస్తాయి. పక్కగాలికి ఆ పడవ ఎటు తిరుగుతుందో, రెండు గంటలు కూర్చున్నాక నడుము ఎంత పట్టేస్తుందో తెలియదు. అందుకని మూడు నమూనాలను అద్దెకు తీసుకొని, అనుభవజ్ఞుడైన శిక్షకుని వెంట మూడు రోజుల పాటు ఒకే తీరంలో వాటిని మార్చి మార్చి నడిపాను.

మొదటి రోజు సముద్రం చెరువులా ఉంది. 4.4 మీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు, చదునైన అడుగు గల పాలిథిలిన్ పడవలో కూర్చోగానే ధైర్యం వచ్చింది. 5.2 మీటర్ల ఫైబర్‌గ్లాస్ పడవ వెడల్పు 54 సెంటీమీటర్లే కావడంతో, ఎక్కిన క్షణం నుంచి అటూ ఇటూ ఊగుతూనే ఉంది. ఆ సాయంత్రమే కొనవలసి వస్తే మొదటిదే కొని ఉండేవాణ్ణి. శిక్షకుడు తొందరపడవద్దన్నారు. "ఊగనివ్వండి. మీరు బిగుసుకుపోకుండా నడుము వదులుగా ఉంచితే చాలు, అల కింద నుంచి దానంతట అదే జారిపోతుంది" అన్నారు.

ఆ మాట మరునాడు అర్థమైంది. కొండకొమ్ము దాటగానే గాలి అందుకుంది, అలలు పక్క నుంచి రాసాగాయి. చదునైన అడుగు నీటి వాలును అంటిపెట్టుకొని ఉండేది కాబట్టి, వెడల్పాటి పడవ ప్రతి అలకూ నన్ను ఒక పక్కకు వంచేసింది. సన్న పడవ గుండ్రటి అడుగు కింద అల సాగిపోతుంటే, నేను దాదాపు నిటారుగానే ఉన్నాను. గ్రీన్‌లాండ్ వేటగాళ్ల కయాక్ ఒకటి 1959లో స్కాట్లాండ్ చేరింది. ఈ తరహా సన్నని బ్రిటిష్ పడవలలో చాలావాటికి అదే మూలం. ఆ వేటగాళ్లకు సముద్రం ఎంత బాగా తెలుసో ఆ రోజు నా నడుముకు తెలిసింది.

అయితే సన్న పడవకూ ఒక మొండితనం ఉంది: ముక్కును గాలికి ఎదురుగా తిప్పేస్తుంది. ముందుకు సాగే పడవ ముక్కును ఎదుటి నీరు గట్టిగా పట్టి ఉంచుతుంది, వెనుక కొస మాత్రం కలత పడిన నీటిలో ఉండడం వల్ల గాలికి సులువుగా కొట్టుకుపోతుంది. దీనికి విరుగుడు స్కెగ్, అంటే వెనుక భాగంలో అడుగు నుంచి కిందికి దిగే చిన్న రెక్క. పక్కగాలికి సగం, వెనుకగాలికి పూర్తిగా దించాలి. నేను మీట జరిపితే అది కదలలేదు. ఒడ్డుకు చేరి పడవ తిరగేసి చూస్తే, చింతగింజంత గులకరాయి ఒకటి స్కెగ్ గాడిలో ఇరుక్కొని ఉంది. రాళ్ల ఒడ్డున పడవను నీటిలోకి నెట్టినప్పుడే అది దూరి ఉంటుంది. ఆ రాయి మూలంగా గంటసేపు ఒక పక్కనే బలంగా తెడ్డు వేయడంతో కుడి భుజం మండిపోయింది.

మూడవది 5.5 మీటర్ల పొడవున్న, చుక్కాని గల పడవ. గీత గీసినట్టు సాగింది గాని, చుక్కాని తిప్పే పెడల్ కదిలినప్పుడల్లా కాలికి ఆనిక తప్పింది. పొడుగు పడవ వేగానికి పై హద్దు ఎక్కువే. గంటకు 5, 6 కిలోమీటర్ల మామూలు నడకలో ఆ తేడా నాకు కనబడలేదు.

చివరి రోజు కావాలనే బోల్తా కొట్టించి చూశాం. పొట్టి పడవకు లోపల నీటిని ఆపే అడ్డుగోడ వెనుక మాత్రమే ఉంది. ముందు భాగమంతా నీరు నిండి ముక్కు మునిగిపోయింది, ఇద్దరం కలిసి ఎత్తినా నీరు పోలేదు. సన్న పడవకు ముందూ వెనుకా అడ్డుగోడలు ఉండడంతో, దాని ముక్కును శిక్షకుని పడవ మీదికి లాగి తలకిందులు చేయగానే కాక్‌పిట్, అంటే కూర్చునే చోటు, దాదాపు ఖాళీ అయింది. నా దృష్టిలో కొనే ముందు తప్పనిసరిగా చేయవలసిన పరీక్ష ఇదే.

సన్న పడవనే తీసుకున్నాను. ఇంటికి తెచ్చిన రోజే స్కెగ్ కొసన చిన్న రంధ్రం చేసి దారపు ముక్క ఒకటి కట్టాను. మళ్లీ రాయి ఇరుక్కుంటే, పక్కనున్నవారు నీటి మీదే ఆ దారాన్ని పట్టి లాగవచ్చు.